కునుకు సింహాసనం

మా గండభైరవ మహారాజుకు భోజనం కాగానే కొలువులోనే కునుకు పట్టేది. తల వాలేది, కిరీటం దొర్లేది. ఒకసారి అది దొర్లుతూ కోట దాటి, మూడు ఊళ్ల అవతల సంతలో ఆగింది. తెచ్చింది నేనే, ఒంటికాలి మీద పరిగెత్తి!

"కూర్చునే నిద్రపోవాలి, కిరీటం కదలకూడదు. అలాంటి సింహాసనం కావాలి. నలభయ్యో రోజున పొరుగు రాయబారి వస్తున్నాడు," అన్నారు ప్రభువు.

ఆస్థాన శిల్పి చంద్రకేతు లేచాడు. "తెర కట్టుకుని చేస్తాను. పూర్తయ్యేదాకా ఈగ కూడా తొంగిచూడకూడదు."

"నేను రేపే తెస్తాను మహాప్రభో," అన్నాను.

"రేపేనా! ఓడినవాడు నిండు కొలువులో మీసాలు గొరిగించుకోవాలి. సరేనా కూర్మయ్యా?" అన్నాడు శిల్పి.

నా మీసాలంటే మాటలా? కొసకొక గుమ్మడికాయ వేలాడదీసేవాణ్ణి. అయినా సరేనన్నాను.

మర్నాడు పాత కుర్చీకి దిండు కట్టి తెచ్చాను. ప్రభువు కునుకు తీసి, ఎడమపక్కకు ధబేలుమన్నారు. కొలువంతా పగలబడి నవ్వింది. నేను ఎడమపక్క ఇంకో దిండు కట్టాను. రెండోరోజు కుడిపక్కకు పడ్డారు. పదోరోజు ముందుకు. పదిహేడోరోజు పడలేదు గానీ, గురకకు పావురాలు లేచిపోయాయి. గురక వినబడకుండా పక్కన మద్దెల వాయించేవాణ్ణి కూర్చోబెట్టాను.

"ఇంకెన్నిసార్లు పడాలిరా?"

"మీరు పడేకొద్దీ కుదురుతోంది మహాప్రభో!"

నలభయ్యో రోజు, రాయబారి ఎదుట శిల్పి తెర తీశాడు. ధగధగలాడే బంగారు సింహాసనం! ప్రభువు కూర్చున్నారు. ఇరుక్కున్నారు. లేస్తే సింహాసనమూ లేచింది. నలుగురు వస్తాదులు లాగితే, ప్రభువు ఊడొచ్చి రాయబారి కాళ్ల దగ్గర పడ్డారు. రాయబారి కిసుక్కున నవ్వాడు.

"కొలతలు ఎక్కడివయ్యా?" గర్జించారు ప్రభువు.

"పట్టాభిషేకం నాటి చిత్రపటంలోవి ప్రభూ..."

ఇరవై ఏళ్ల నాటి పటం! ఆ తర్వాత ప్రభువు తిన్న అరిసెలు పేరిస్తే కోటకు రెండో గోడ లేచేది.

"నేను పడేసింది ఒక్కసారేగా! ఈ కూర్మయ్య లెక్కలేనన్నిసార్లు పడేశాడు!" అన్నాడు శిల్పి.

నేను మీసం దువ్వాను.

"నిజమే శిల్పిగారూ. అన్నిసార్లూ నవ్వింది మనవాళ్లేగా!"

ప్రభువు నా దిండ్ల కుప్పలో కూర్చున్నారు. రాయబారి లేఖ చదివాడు, మద్దెల మోగింది, కిరీటం వెంట్రుకవాసి కదల్లేదు.

"కళ్లు మూసుకుని ఎంత శ్రద్ధగా విన్నారు!" అని రాయబారి చేతులు జోడించాడు.

ఆ మాటకు కొలువు ఎంత నవ్విందంటే ప్రభువుకే మెలకువ వచ్చేసింది. సంగతి విని ఆయనా పొట్ట పట్టుకుని నవ్వి, మంగలిని శిల్పి దగ్గరికి పంపి, ఆ బంగారు సింహాసనాన్ని నాకు బహుమానంగా ఇచ్చేశారు.

నేను సన్నంగా ఉంటాను కదా, కొలిచి చేసినట్టు సరిపోయింది!