మలుపులో కాగే ఆయిలు

ఓబులేసుకు మూడు వారాలుగా ఒకటే పీడ. పందెం కారులో స్టీరింగు ఆయిలు కాగిపోతోంది.

ఆరు రౌండ్ల దాకా బండి చెప్పినమాట వింటుంది. ఏడో రౌండులో, ఒకప్పుడు విమానాలు దిగిన పాత రన్‌వే చివర పూర్తిగా వెనక్కి మళ్ళే మలుపు దగ్గర, బానెట్టు కింద మూలుగు మొదలవుతుంది. జ్వరం వచ్చిన మనిషి నిద్రలో మూలిగినట్టే ఉంటుంది. ఆ వెంటనే స్టీరింగు బరువెక్కుతుంది. ఎవరో అటువైపు పట్టుకుని, ఇవ్వను పొమ్మన్నట్టు బిగుసుకుంటుంది. షెడ్డుకు తెచ్చి ఆయిలు డబ్బా మూత తీస్తే ఎర్రటి ఆయిలు నల్లబడి నురగలు కక్కుతూ ఉంటుంది.

పంపు మార్చాడు. పైపులు మార్చాడు. ఆయిలును చల్లబరిచే కూలరు పెట్టాడు, అది చాలదని ఇంకా పెద్దది పెట్టాడు. ఇన్ని చేసినవాడు నోరు తెరిచి ఒక్కరినీ అడగలేదు. తాడిపత్రి చుట్టుపక్కల స్టీరింగు పని ఎవరికైనా నేర్పేది తనే. అలాంటివాడు ఇంకొకరిని అడిగితే తల కొట్టేసినట్టు ఉండదూ?

ఆ మలుపు పేరు షెడ్డులో ఎవరూ ఎత్తరు. పది నెలల కిందట ఇదే కారు అక్కడే పల్టీ కొట్టింది. తోలుతున్నది మాబాషా. షెడ్డు యజమాని ఉస్తాద్ ఖాదర్ వలీకి మొదటి శిష్యుడు, ఓబులేసుకు స్పానర్ పట్టడం నేర్పిన అన్న. ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

కారును ఓబులేసే మళ్ళీ నిలబెట్టాడు. ఆదివారం పందెంలో అన్న పేరు మీద తోలాలని మొండిపట్టు పట్టాడు. ఉస్తాద్ కాదనలేదు. "శనివారం సాయంత్రానికి ఆయిలు సల్లబడకుంటే బండిని ముక్కలుగా కోయిస్తా. ఇంగొకర్ని మట్టిలో పెట్టే ఓపిక నాకు లేదు" అని మాత్రం అన్నాడు.

ఆ శనివారం రానే వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. రన్‌వే మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. గాలి ఎటు వీస్తుందో చూడడానికి ఏనాడో కట్టిన గుడ్డసంచి స్తంభానికి వేలాడుతూ చచ్చిన కాకిలా ఉంది. ఓబులేసు ఏడో రౌండు ముగించి షెడ్డు ముందు ఆపాడు. బండి ఆగింది కానీ మూలుగు ఇంకో క్షణం వినిపించింది.

ఉస్తాద్ డెబ్భై దాటినవాడు. గ్లాసులో టీ పోసుకుంటున్నాడు. డబ్బా మూత తీసి చూడను కూడా లేదు.

"మలుపులో ఏం చేస్తాండావు?" అన్నాడు.

"ఏం చేస్తా? తిప్పుతాండా."

"చివరిదాకా తిప్పి, ఆడనే బిగబట్టుకుంటాండావేమో."

ఓబులేసుకు చుర్రుమంది. స్టీరింగును చివరిదాకా తిప్పి అక్కడే పట్టి ఉంచితే ఆయిలుకు పోయే దోవ ఉండదని, పంపు దాన్ని తోస్తూనే ఉంటుందని, ఆ తోపులాటలోనే అది కాగుతుందని పాఠం చెప్పేది తనే.

"స్టీరింగు పట్టుకునేది నాకు నేర్పాల్నా ఉస్తాద్? నేను పట్టుకోవడంలే. దాన్నే ఎవరో అవతల పక్కన పట్టుకుంటాండారు."

అనేశాక తన మాటకు తనకే భయమేసింది.

ఉస్తాద్ నవ్వలేదు. లేచి, గోడ మేకుకు తగిలించిన పాత స్టీరింగు చక్రాన్ని దించాడు. మాబాషా తన చేతులతో నల్లగుడ్డ చుట్టిన చక్రం అది. ప్రమాదం రోజున కారులోంచి విప్పింది. పది నెలలుగా దాన్ని ఎవరూ ముట్టలేదు.

"పట్టుకో. కండ్లు మూసుకో. ఆ మలుపు తిప్పు. అవతల పక్క నేను పట్టుకుంటా."

పిల్లలాట అనుకుంటూనే ఓబులేసు రేకు డబ్బా మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మనసులో రన్‌వే పరుచుకుంది. మలుపు దగ్గరపడింది. తిప్పాడు.

చక్రం కదలలేదు.

ముసలాయన చేతుల్లో ఇంత సత్తువ ఎక్కడిది? ఓబులేసు పళ్ళు బిగించి లాగాడు. అవతల కూడా అంతే బలంగా లాగుతున్నారు. భుజాలు వణికాయి. చెమట కంట్లోకి దిగింది. ఉన్నట్టుండి షెడ్డులో ఆ మూలుగు లేచింది. బానెట్టు కింద వినిపించేదే. ఇంజను ఆపి చాలాసేపయింది కదా! అయినా వదల్లేదు. వదిలితే బండి పల్టీ కొడుతుంది. అన్న పోతాడు.

"టీ సల్లారిపోతాండాది, రా."

ఉస్తాద్ గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. ఓబులేసు కళ్ళు తెరిచాడు.

ఉస్తాద్ షెడ్డు బయట, ఇరవై అడుగుల దూరంలో, కారును ఆనుకుని నిలబడి ఉన్నాడు.

మూలుగు ఇంకా ఆగలేదు. అది తన గొంతులోంచే వస్తోందని అప్పుడు తెలిసింది. కుడిచెయ్యి చక్రాన్ని కిందికి లాగుతోంది. ఎడమచెయ్యి దాన్ని పోనివ్వకుండా పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.

ఉస్తాద్ వచ్చి చక్రం అందుకుని, నల్లగుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉంది. తిరిగి మేకుకు తగిలించాడు.

ఓబులేసుకు ఏడుపు తన్నుకొచ్చింది. పది నెలలుగా గొంతుకు అడ్డంపడిన మాట బయటపడింది.

"ఆ పొద్దున స్టీరింగు పైపు బిగించింది నేనే ఉస్తాద్. బిగించినానో, వదులుగా వదిలేసినానో… నాకు గుర్తు రాదు."

"పల్టీ కొట్టిన బండిని తెచ్చిన రోజే ఆ పైపు విప్పి చూసినా. గట్టిగానే ఉండింది."

"మరి చెప్పలేదే!"

"నువ్వు అడిగితివా?"

ఓబులేసు ముఖం చొక్కాతో తుడుచుకున్నాడు. ఉస్తాద్ పాత ఆయిలు తీయించి కొత్తది పోయించాడు.

"పో. ఇంగో ఏడు రౌండ్లు."

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. బండి మీద ఆఖరున పనిచేసినవాడు, తోలేవాడు కూర్చున్నాక, పైకప్పు మీద రెండుసార్లు తట్టాలి. నా పని అయిపోయింది, ఇక బండి నీది అని అర్థం. తోలేవాడు లోపలి నుంచి ఒక్కసారి తట్టి ఒప్పుకోవాలి. మాబాషాకు ఆరోజు తట్టింది ఓబులేసే. అప్పటి నుంచి తను ఎవరికీ తట్టలేదు, తనకు ఎవరినీ తట్టనివ్వలేదు. ఇప్పుడూ ఉస్తాద్ చెయ్యి లేచేలోపే బండి కదిలించేశాడు.

ఒకటి. రెండు. ఆరు రౌండ్లు మామూలుగానే తిరిగాయి. ఏడో రౌండులో మలుపు కనిపించగానే చేతులు మళ్ళీ వాటంతట అవే బిగుసుకున్నాయి. స్టీరింగు చివరిదాకా తిరిగింది. బానెట్టు కింద మూలుగు గొంతు సవరించుకుంది.

అప్పుడు సరిగ్గా అతని తల మీద, పైకప్పు రేకు మీద, రెండుసార్లు చప్పుడైంది.

టక్. టక్.

ఉలిక్కిపడి పట్టు వదిలేశాడు. చక్రం అరచేతుల్లో మెత్తగా జారి తనంతట తను వెనక్కి తిరిగింది. బండి మలుపులోంచి నేరుగా బయటపడింది. మూలుగు లేదు. టైర్ల చప్పుడు తప్ప ఆ మైదానంలో ఇంకేమీ లేదు.

ఓబులేసు షెడ్డు ముందు ఆపి దిగాడు. ఉస్తాద్ బానెట్టు ఎత్తి, ఆయిలు డబ్బా మీద ఒట్టి అరచెయ్యి ఆనించాడు. చెయ్యి కాలలేదు. అలాగే ఉంచాడు.

"ఉస్తాద్, రాళ్ళేమన్నా ఎగిరి బండికి తగిలినాయా? పైన సొట్టలు చూడు."

ఉస్తాద్ పైకప్పు చూశాడు. రంగు మీద గీత కూడా లేదు.

"మలుపులో ఎవరో తట్టినారు. రెండుసార్లు. నువ్వు ఈడనే ఉండావు కదా? మరి తట్టిందెవరు?"

ఉస్తాద్ రన్‌వే చివరకు చూశాడు. గుడ్డసంచి కదలడం లేదు. గాలి లేదు.

"బండి అప్పజెప్పేవాళ్ళే కదా నాయనా తట్టేది" అన్నాడు.

ఓబులేసు మళ్ళీ కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. చెయ్యి పైకెత్తి, లోపలి నుంచి పైకప్పు మీద ఒక్కసారి తట్టాడు.