మూత తీయని యంత్రం

“పొయ్యిలు ఆర్పండహో!” అన్న బంటు కేక రెండోరోజూ వీధి చివర వినబడగానే, వంటల పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు నిన్నటినుంచీ పస్తు మరి! ఏ చిక్కుప్రశ్నకైనా జవాబుకోసం అన్ని దారులూ ఒకేసారి వెతికే యంత్రం చేశాడట ఆస్థాన పండితుడు. సెగ తగిలితే అది చెడుతుందని కోట వంటశాలతో సహా ఊరంతా పొయ్యిలు ఆర్పించాడు.

మూతపెట్టిన కుండొకటి చంకనెత్తుకుని పోలమ్మ విసవిసా రాజుగారి కొలువుకెళ్లింది.

“జవాబేదండీ, పంతులుగారూ?” అని యంత్రం పక్కనున్న పండితుణ్ణి నిలదీసింది.

“అన్ని జవాబులూ లోపలున్నాయే! మూత తీసి చూస్తే చెదిరిపోతాయి.”

పోలమ్మ ఠపీమని కుండ అతని ముందు పెట్టింది. “ఇందులో అన్ని కూరలూ ఉన్నాయి, తినండి.”

ఆకలిమీదున్న పండితుడు మూతమీద చెయ్యేశాడు. ఆమె ఆ చేతిని పట్టేసింది. “తీస్తే చెదిరిపోతాయి బాబూ!”

“తీయకుండా ఎలా తినేదే?” అని అరిచాడు పండితుడు.

“చూడని జవాబుతో ప్రభువులేం చేసుకుంటారు? దానికోసం మా పిల్లలు మాడాలా?”

రాజుగారు ఖాళీ పొట్ట తడుముకున్నారు. “యంత్రాన్ని మంచుకొండకు మోయించండి. పొయ్యిలు వెలిగించండి!”

పొద్దువాలేసరికి పోలమ్మ వడ్డిస్తుంటే, రాజూ, పిల్లలూ, పండితుడూ ఒకే బంతిలో భోజనానికి కూర్చున్నారు.