బూడిదయ్య గాదె చూసిన తీరు

చిన్న కథ. మొదలుపెడితే అయిపోతుంది. కాకపోతే ముందు గాడిద సంగతి ఒకటుంది. పోయినేడు వాన తను ఓండ్ర పెట్టబట్టే కురిసిందని అది ఇప్పటికీ చెప్పుకు తిరుగుతోంది. బాతు నమ్మింది. బాతు ఏదైనా నమ్ముతుంది. సరే, గాదె దగ్గరికి వద్దాం.

ఆ దొడ్డిలో జంతువులన్నీ ఎండాకాలానికని ఉలవలు ఒకే గాదెలో పోసుకునేవి. కాపలా నక్క సింగారిది. ఏటా మాఘమాసంలో తనిఖీ ముసలి ఎద్దు బూడిదయ్యది. తనిఖీ అంటే పైనుంచి మూతి పెట్టి, ఒక బుక్క నమిలి, "నిండుగా ఉంది" అనడం. ఆ కాసేపట్లో సింగారి, కాడి ఒరుసుకుపోయిన ఆయన మెడకి ఆముదం రాసేది. ఆ మెడ సంగతి దొడ్డిలో ఇంకెవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈసారి తనిఖీకి రెండు రోజుల ముందు కోడి చుక్కమ్మ వచ్చింది. ఎండలు ముదిరేసరికి దాని పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. గాదె తప్ప వాటికి వేరే ఆధారం లేదు.

"బాబాయ్, నువ్వు పైనే చూస్తావా, అడుగున కూడా చూస్తావా?"

బూడిదయ్య మనసు చివుక్కుమంది. "సింగారి అలాంటిది కాదే."

"నేనడిగింది సింగారి సంగతి కాదు, అడుగు సంగతి."

మర్నాడంతా ఆయన ఆ మాటే నెమరేశాడు. తనిఖీనాడు గాదె పక్కనే పడుకుని, మెడ మరీ సలుపుతోందని, నెమ్మదిగా రాయమని సింగారిని అడిగాడు. అది తల వంచుకుని శ్రద్ధగా రాస్తుంటే, గాదె అడుగున గింజలు తీసే కన్నంలో కుక్కిన గుడ్డని పళ్లతో లాగేశాడు. ఊక రాలింది. సింగారి తోక మునిగేదాకా రాలింది. ఆఖర్న, పైన పరిచిన ఉలవలు తట్టెడు పడ్డాయి.

"మిగతావేవి అమ్మీ?"

"పందులకిచ్చి పీతలు తెచ్చుకున్నాను. నీ మెడకి రాసింది మాత్రం నటన కాదు బాబాయ్."

"తెలుసు. అందుకే ఇన్నేళ్లూ నాకు అడుగు చూడబుద్ధి కాలేదు."

సింగారిని దొడ్డిలోంచి వెళ్లగొట్టారు. తట్టెడు ఉలవలూ చుక్కమ్మ పిల్లలకని పక్కన పెట్టి, మిగతా అందరూ ఎండుగడ్డితో సరిపెట్టుకున్నారు. దొంగని పట్టినందుకు బూడిదయ్యని మెచ్చుకున్నారు. ఆయన మాత్రం తనిఖీ పని తనకొద్దని చుక్కమ్మకి అప్పజెప్పి, సింగారిని పొలిమేర దాకా సాగనంపి వచ్చాడు.

నీతి: మమకారం ఉన్న చోట తనిఖీ ఇంకొకరు చేయాలి.