మలుపు దగ్గర పొగ

ఫోటోగ్రఫీ నేర్పే ఓబులేశు మాస్టారిని ఒకరోజు శిష్యురాలు సులోచన ఇలా అడిగింది.

"నా పిల్లలిద్దరూ దూరాన హాస్టల్లో చదువుతున్నారు మాస్టారూ. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తాను. వాళ్ళు నవ్వేదాకా ఫోన్ పెట్టను. నిన్న పెద్దది, 'నవ్వాను కదమ్మా, ఇక వెళ్లనా?' అంది. నేను చేస్తున్నది తప్పా?"

మాస్టారు తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. తనకు జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

అయిదారేళ్ల కిందట నల్లమల ఘాట్‌లో రైలు పట్టాల మీదుగా కరెంటు తీగలు వేయడం పూర్తి కావస్తోంది. అక్కడ మిగిలిన పాత డీజిల్ ఇంజన్లను ఫోటో తీయడానికి ఎక్కడెక్కడి వాళ్ళో కెమెరాలు మెడలో వేసుకుని వచ్చేవారు. వాళ్ళలో మాస్టారూ ఒకరు. వాళ్ళందరికీ కావలసింది పొగ. చడావు మీద, అంటే ఎత్తు ఎక్కేచోట, డ్రైవరు వేగం పెంచే పిడిని ఒక్కసారిగా తిప్పితే ముసలి ఇంజను నల్లటి పొగ కక్కుతుంది. పొగ లేని బొమ్మను వాళ్ళు బొమ్మ కిందే జమకట్టరు. అందుకని కింది స్టేషన్లోనే డ్రైవరును బతిమాలుకుని, ముందుగా వెళ్లి మలుపు దగ్గర కాచుకునేవారు.

ఆ రోజు గూడ్సు బండి డ్రైవరు దస్తగిరి. నెలాఖరుకు ఆయన రిటైరవుతాడు. ఆయన డ్రైవరైన మొదటి రోజు ఎక్కిన ఇంజనే అది. దాన్నీ నెలాఖరుకే పక్కన పెట్టేస్తారు. ఆఖరి డ్యూటీ దాని మీదే చేస్తానని ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగి ఒప్పించుకున్నాడు. ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

"ముసల్ది సారూ, బుజ్జగించి ఎక్కియ్యాల. పొగా గిగా అడగొద్దు," అన్నాడు దస్తగిరి.

"మీ చేతి పొగ వేరే అంటారే అందరూ! ఈ ఒక్కసారికి," అన్నారు మాస్టారు.

"అబ్బో, బాగా మాట్లాడతావే!" అని నవ్వి ఆయన బండెక్కాడు.

మలుపు దగ్గర మాస్టారు చెయ్యెత్తారు. దస్తగిరి కిటికీలోంచి చూసి పిడి తిప్పాడు. కొండ సగం కనిపించనంత పొగ లేచింది. వెంటనే ఇంజను లోపల ఏదో పేలిన చప్పుడైంది. బండి వంద గజాలు ఈడ్చుకుంటూ పోయి ఆగింది.

మధ్యాహ్నం దాటాక ఇంకో ఇంజను వచ్చి ఆ ఇంజనునూ, గూడ్సు పెట్టెలనూ లాక్కెళ్లింది. నెలాఖరుకు తీసేసేదానికి మరమ్మతు దేనికని ఆ ముసలిదాన్ని అటునుంచటే తుక్కుకు పంపారు. దస్తగిరికి కరెంటు ఇంజను నడపడం నేర్పలేదు. మిగిలిన ఎనిమిది రోజులూ డ్రైవర్ల గదిలో బల్ల మీద కూర్చుని, పూలదండ వేయించుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మాస్టారు చెప్పడం ఆపేశారు.

"ఆయన మిమ్మల్ని ఏమీ అనలేదా మాస్టారూ?"

"బండి ఆగగానే పరిగెత్తుకుంటూ వెళ్లానమ్మా. చెయ్యి చేసుకుంటాడనే అనుకున్నాను. ఆయన చెమట తుడుచుకుని, 'ఫోటో బాగా వచ్చిందా సారూ?' అని అడిగాడు."