వేపరెమ్మ గీసిన పటం

కొండవాక కోటలో అనుకున్న మాట పొద్దెక్కేలోపే పొరుగురాజుకు చేరిపోతోంది. ఏ నోటికి ఏ చెవితో లంకె ఉందో పటం గీసి తెమ్మని రాజు మంత్రి సోమప్రగడను పురమాయించాడు. మంత్రి ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. అందరూ తమకేమీ తెలియదన్నారు. పటం ఖాళీగానే ఉండిపోయింది.

"అడిగితే ఎవరు చెబుతారు బాబూ? వాళ్లంతట వాళ్లే బయటపడాలి," అంది కొలువుకు పూలదండలు తెచ్చిన నూకాలు.

"అయితే రేపటికల్లా బయటపెట్టు. లేకపోతే కోటలో మళ్లీ అడుగుపెట్టకు," అన్నాడు రాజు.

"నా కడుపులో పడ్డ మాట మాత్రం బయటికి రాదు," అన్నాడు మంత్రి మీసం దువ్వుకుంటూ.

నూకాలు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆయన చెవిలో చెప్పింది. "రేపు గ్రహం బాగాలేదట బాబూ. తలపాగాలో వేపరెమ్మ దోపుకుంటే గండం తప్పుతుందట. ఎవరికీ చెప్పకండి."

మర్నాడు కొలువంతా వేపవాసన. సేనాపతి మొదలు ద్వారపాలకుల దాకా అందరి తలపాగాల్లోనూ రెమ్మలే.

"నేను చెప్పింది ఒక్క మంత్రిగారికే. ఇక తెలియదనడానికి లేదు, సాక్ష్యం నెత్తిమీదే ఉంది. ఎవరికి ఎవరు చెప్పారో అడుగుతూ గీతలు కలపండి," అంది నూకాలు.

రాజు పగలబడి నవ్వాడు. ఆ ఊపుకు కిరీటం పక్కకు ఒరిగి, అందులోంచి ఒక వేపరెమ్మ ఒళ్లో పడింది.

నూకాలు తల వంచుకుని అడిగింది. "ఏలినవారిని ఎవరి కింద గీయమంటారు?"

రాజు రెమ్మను మళ్లీ కిరీటంలో దోపుకుంటూ, "రాణిగారి కింద," అన్నాడు మెల్లగా.