ఆరు చేతుల వడ్డన

ఒకానొక సంస్థానంలో, అంటే జలపాతం పక్కనున్న గండిమడుగు సంస్థానంలో, ప్రచండ మార్తాండ బహద్దరు అనే రాజుగారు ఉండేవారు. ఆయన మీసం సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. కుడి కొస తూర్పు గుమ్మం దాటి ఊరేగింపులో కలిసేసరికి ఎడమ కొస ఇంకా అంతఃపురంలో నూనె రాయించుకుంటూ ఉండేది. నమ్మనివాళ్ళు లేచి వెళ్ళవచ్చు. నా నోట ఈ కథ మొదలయ్యాక లేచి వెళ్ళినవాడు ఇంతవరకు పుట్టలేదు.

ఆ జలపాతం కింద ఒక పవర్‌హౌస్ ఉండేది. అక్కడ పుట్టిన కరెంటు సంస్థానం స్తంభాల మీద, సంస్థానం తీగల వెంట ఊరంతా పారేది. ధర ఒక్కటే, దర్బారు చెప్పిందే. జనం తిట్టుకుంటూనే కట్టేవారు. కానీ ఎవర్ని తిడుతున్నారో వాళ్ళకు తెలిసేది.

ఒకనాడు దివాన్ జగ్గారావు పంతులు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"మహాప్రభో, ఒక్కరే అమ్మితే అమ్మేవాడి ఇష్టం. పదిమంది అమ్మితే కొనేవాడి ఇష్టం. పోటీ పెడదాం. ధర దానంతటదే దిగివస్తుంది."

పోటీ అనగానే రాజుగారికి పొట్టేళ్ళ పందెం గుర్తొచ్చింది. మీసం దువ్వి సరేనన్నారు.

పదిమంది రాలేదు, ఆరుగురు వచ్చారు. ఆరు కరెంటు కొట్లు వెలిశాయి. షావుకార్లు పవర్‌హౌసులో టోకున కొని జనానికి చిల్లరగా అమ్ముతారు. పవర్‌హౌస్ అదే, తీగ అదే, బల్బులోకి దిగే కరెంటూ అదే. మారిందల్లా బిల్లు మీద పేరు. ఏ కొట్లో కొన్నా, బల్బు వెలిగించినా మానినా, స్తంభాల రుసుము మాత్రం సంస్థానానికి విడిగా కట్టాల్సిందే.

ఆ ఊళ్ళో గవరమ్మ అని పిండిమర నడుపుకునే మనిషి ఉండేది. మొగుడు పోయాక ఆ మరే ఆమెకు మొగుడూ కొడుకూ కూడా. వేసవి మధ్యలో ఒకరోజు ఆమె ఆస్థాన చమత్కారి పేరిశాస్త్రి అరుగు మీద వచ్చి కూలబడింది.

"కొత్త కొట్టోడు ఇత్తడి బిందె సేతిలో ఎట్టాడు బాబూ. మొదట సగం ధరే అన్నాడు. ఏసంగి వొచ్చీసరికి జలపాతం సన్నగిల్లిపోనాది, ధర సుక్కలెక్కీసింది. ఇంకో కొట్టుకి ఎల్లిపోతానంటే ఏడాదికి కట్టుబడ్డావు, మజ్జిలో ఎల్తే ఇడుపు రుసుం కట్టమన్నాడు."

"ధర పెరుగుతుందని ముందు చెప్పలేదా?"

"కాగితం మీద ఉందట. సీమకళ్ళంత అచ్చరాలు. సదివీవోడికే ఆనవు, నాకేటి ఆనతాయి? బాకీ కట్టనేదని మర జప్తు సేసీసినారు. సుక్కురారం ఏలమట."

శాస్త్రి నాలుక సామాన్యమైనది కాదు. ఒకసారి పొరుగు సంస్థానం పండితులు నలభైమంది వాదానికి వస్తే, ఇతను గొంతు సవరించుకున్న చప్పుడుకే ముప్పైతొమ్మిదిమంది తిరుగుబండి ఎక్కారు. మిగిలినాయన చెవిటివాడు. అలాంటి శాస్త్రి గవరమ్మ మాటలు విని లేచాడు. కండువా దులుపుకుని దర్బారుకు బయల్దేరాడు.

రాజుగారు అంతా విని పెదవి విరిచారు.

"శాస్త్రీ, కళ్ళముందు ఆరు కొట్లున్నాయి. మేము బలవంతం చేశామా? ఎంచుకున్నది ఆవిడే. ఎంచుకోవడం చేతకానివాళ్ళకు సంస్థానం ఏం చెయ్యగలదు?"

"మరి ఏలినవారైతేనో?"

"రెప్పపాటులో మేలైన బేరం పట్టేస్తాం!"

"చిత్తం. రేపటి ఏలినవారి పుట్టినరోజు విందులో వడ్డన నాకు వదిలెయ్యండి. ఏలినవారు కొనుగోలుదారుగా కూర్చోవాలి. విసుక్కోకుండా విస్తరి ముందు నుంచి లేస్తే నన్ను పొలిమేర దాటించండి. విసుక్కుంటే గవరమ్మ మర గవరమ్మకు ఇప్పించండి."

"అంతేనా!" అని రాజుగారు నవ్వేశారు.

ఆ కోటలో తాతలనాటి ఆచారం ఒకటుంది. రాజుగారు భోజనం ముగించి, అరచేతిలో నీళ్ళు పోయించుకుని ఉత్తరాపోశనం పట్టి లేవందే పంక్తిలో ఎవరూ లేవకూడదు. ఆ నీళ్ళు ఇంకొకరు పోయాలి. రాజైనా సరే తనంతట తాను పోసుకోరాదు.

మర్నాడు మధ్యాహ్నం విందు. ఆ ఘుమఘుమలకు ఊరవతల పథ్యం తింటున్న రోగులు మంచాలతో సహా కోటకు నడిచి వచ్చారని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి. రాజుగారి విస్తరి ముందు ఆరుగురు వడ్డనవారు వరుసగా నిలబడ్డారు.

"నా దగ్గర మొదటి మూడు ముద్దలు ఉచితం, మహాప్రభో!" అన్నాడొకడు. "ఎన్ని ముద్దలకైనా నాది ఒకే ధర, అయితే కాస్త ఎక్కువ" అన్నాడు ఇంకొకడు. తక్కినవాళ్ళు తలా ఒకటి అన్నారు, అందరూ ఒక్కసారే.

రాజుగారు రెప్పపాటులో ఉచితం వాణ్ణి ఎంచుకున్నారు. ఔపోశనం పట్టారు. మూడు ముద్దలు దిగాయి. నాలుగో ముద్దకు వడ్డనవాడు చెయ్యి చాచాడు.

"ఉంగరం ఇప్పించండి."

"ముద్దకు ఉంగరమా!"

"పంక్తిలో ఆకలి పెరిగింది ప్రభూ. ఆకలి పెరిగితే ధర పెరుగుతుంది. విస్తరి ఈనె పక్కన రాసి ఉంది, చూసుకోండి."

రాజుగారు వంగి చూశారు. అక్కడ చీమలు పాకుతున్నట్టుంది. మొహం చిట్లించబోయి పందెం గుర్తొచ్చి చిరునవ్వుతో ఉంగరం తీసి ఇచ్చారు. పులుసు కలిపారు. ఉప్పు లేదు.

"వీడు వద్దు. ఆ ఒకే ధర వాణ్ణి పిలవండి."

"మధ్యలో చెయ్యి మారిస్తే విడుపు రుసుము, ఏలినవారి కంఠహారం."

హారం వెళ్ళింది. రెండోవాడు గంభీరంగా వచ్చి పులుసు పోశాడు. దాన్లోనూ ఉప్పు లేదు.

"ఇదేమిట్రా!"

"వంటవాడు ఒకడే కదా ప్రభూ. మేము ఆరుగురం వడ్డించేవాళ్ళం మాత్రమే."

ఆ ఉప్పులేని ముద్ద గొంతుకు అడ్డం పడి రాజుగారికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళడిగితే వడ్డనవాడు "గంగాళం నా అధీనంలో లేదు, వంటశాలకు చెప్పుకోండి" అన్నాడు. వంటశాలవాళ్ళు "మీ ఒప్పందం మాతో కాదు, మీ వడ్డనవాడికి చెప్పుకోండి" అన్నారు. రాజుగారికి వచ్చిన ప్రతి ఎక్కిలికీ కోట బురుజు మీది పావురాలు ఒక మూర ఎత్తు ఎగిరి మళ్ళీ వాలాయి.

ఇక తినలేక రాజుగారు ఉత్తరాపోశనానికి చెయ్యి చాచారు. ఎదురుగా పేరిశాస్త్రి నీళ్ళచెంబు పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యలేదు.

"నీళ్ళు పొయ్యి!"

"ముగింపు నీళ్ళకు రుసుము వేరే, ప్రభూ. ముందు విస్తరి రుసుము కట్టాలి. తిన్నా మానినా అది తప్పదు."

పంక్తి పొడవునా దొరలు ఎండిపోయిన ఎంగిలిచేతులు గాల్లో పెట్టుకుని రాజుగారి వంకే చూస్తున్నారు. దివాన్ పంతులు తన చేతిని తనే గోక్కుంటున్నాడు.

"శాస్త్రీ! కట్టేశావు కదయ్యా నన్ను! తిననివ్వవు, లేవనివ్వవు, ఏమిటీ దౌర్జన్యం!" అని రాజుగారు అరిచారు.

శాస్త్రి వినయంగా వంగాడు.

"ఆరుగురున్నారు, మహాప్రభో. మేము బలవంతం చేశామా? ఎంచుకున్నది ఏలినవారే."

రాజుగారు పకపకా నవ్వేశారు. ఆ నవ్వుకు ఎక్కిళ్ళు ఆగిపోయాయి, పవర్‌హౌస్ చక్రం ఒక చుట్టు ఎక్కువ తిరిగింది.

"ఓడిపోయాం! గవరమ్మ మర గవరమ్మకు ఇచ్చెయ్యండి. శాస్త్రికి బంగారు కంకణం తొడగండి!"

శాస్త్రి నీళ్ళు పోశాడు. పోస్తూనే మెల్లగా అడిగాడు.

"మరి ఆ కొట్లు, ప్రభూ? తక్కిన జనం?"

రాజుగారు చెయ్యి తుడుచుకుంటూ, "పందెం ఒక్క మర మీదే కదయ్యా" అని మళ్ళీ నవ్వారు. ఈసారి దివాన్ కూడా నవ్వాడు. ఆరుగురు షావుకార్లు పండక్కి పండక్కి సమర్పించే నజరానా సంగతి ఆ ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్ళకు శాస్త్రి బియ్యం మూట పట్టుకుని పిండి ఆడించుకోవడానికి గవరమ్మ ఇంటికి వెళ్ళాడు. మర వచ్చి ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది, బొట్టు కూడా పెట్టి ఉంది. తిరగడం లేదు. పక్కన నేల మీద గవరమ్మ తిరగలి ముందేసుకుని చేత్తో విసురుతోంది.

"ఇదేమిటి గవరమ్మా?"

"కరెంటెట్టించుకోవాల కదా బాబూ. మల్లీ ఏదో ఒక కొట్టుకే ఎల్లాల. రాజుగోర్నే గెలిసీసినోరు, మీరే సెప్పండి. ఏ కొట్టుకెల్తే బతుకుతాను?"

ఎదురు వీధిలో ఆరు బోర్డులు ఎండకు తళతళలాడుతున్నాయి. శాస్త్రి ఒక్కోటీ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

చివరికి ఆమె ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చుని తిరగలి పిడి మీద తనూ ఒక చెయ్యి వేశాడు. కంకణం అడ్డొచ్చింది. తీసి పక్కన పెట్టాడు.