గిన్నెలో పెట్టిన మాత్రలు

గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో హైమవతి అనే ఇల్లాలు ఉండేది. ఆమెది పెట్టే చెయ్యే గానీ, పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించే అలవాటు బొత్తిగా లేదు.

ఆ రోజులే వేరు లెండి! ఇంటికీ ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ఆ గోడ మీదుగా పచ్చళ్ళు, మజ్జిగ తోడు, పిల్లల పాత చొక్కాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపడం ఎవరూ ఎరుగరు. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

ఒకసారి హైమవతి పంపు దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు కట్టు కట్టి, గట్టి నొప్పి మాత్రలు రాయబోతూ ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆయాసం ఉందా? నిద్రమాత్రలు వేసుకుంటారా? ఇంకేం మందులు వాడుతున్నారు?

"ఇదేంటి డాక్టరుగారూ, పెళ్ళిచూపులా?" అని నవ్వింది హైమవతి.

ఆయన నవ్వలేదు. "ఇవి నల్లమందు జాతివమ్మా. ఊపిరినే మందగింపజేస్తాయి. ఇంకెవరికీ ఇవ్వకండి" అన్నాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం పక్కింటి రత్నమేరీ గోడ మీదుగా గోంగూర పచ్చడి అందించింది. "నడుము పట్టేసింది హైమక్కా, వంగలేకున్నా" అంది. హైమవతి మనసు ఆగలేదు. గిన్నె ఖాళీ చేసి, అందులో నాలుగు మాత్రలు పెట్టి ఇచ్చేసింది.

"రెండేసుకో మేరీ, హాయిగా ఉంటుంది."

రత్నమేరీకి ఉబ్బసం ఉందనీ, భర్త పోయినప్పటి నుంచి నిద్రమాత్ర మింగుతోందనీ హైమవతికి తెలుసు. తెలిసీ ఆ క్షణాన గుర్తు రాలేదు.

మర్నాడు పంపు నీళ్ళొచ్చే వేళకు రత్నమేరీ బయటికి రాలేదు. ఎంత పిలిచినా పలుకు లేదు. హైమవతి లోపలికి పరుగెత్తింది. మంచం మీద మేరీ పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "లే తల్లీ, లే!" అని కుదిపినా కళ్ళు తెరవలేదు.

కాలనీవాళ్ళు జీపులో ఆసుపత్రికి చేర్చారు. "ఏం వేసుకుంది?" అని డాక్టరు అరిచాడు. చెబితే హైమవతి కాలనీలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే మేరీ దక్కదు.

"నేనే ఇచ్చాను సార్, నా నొప్పి మాత్రలు, నల్లమందు జాతివి! నిద్రమాత్ర కూడా వేసుకునే ఉంటుంది" అని భోరుమంది.

మందేదో తెలియగానే విరుగుడు సూది వేశారు. మధ్యాహ్నానికి రత్నమేరీ కళ్ళు తెరిచింది.

"ఏమక్కా, నన్ను మా ఆయన దగ్గరికి పంపిద్దామనుకుంటివా?" అంది నీరసంగా.

హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "తప్పు నాదే మేరీ. ఆ డాక్టరు నన్ను అడిగినవి నిన్ను ఒక్కటీ అడక్కుండా ఇచ్చినా" అంది.

ప్రేమ ఎంత ఉన్నా సరే, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు. మనకే రాసిందైనా, మన జబ్బులూ వాడే మందులూ డాక్టరుకు చెప్పకుండా మింగకూడదు.